ఆస్కార్ చేపల గుడ్లకు మార్కాపురం పలక రాయి: వాడి చూశాక నా మాట

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. రాయి వేసినంత మాత్రాన ఏ చేపా గుడ్లు పెట్టదు. జత కుదరాలి, నీళ్లు కుదరాలి, తిండి సరిగ్గా పడాలి. ఈ మూడూ ఉన్న ట్యాంకులో గుడ్ల కోసం ఏం వేయమంటారని అడిగితే మాత్రం నేను మార్కాపురం పలక రాయి పేరే చెబుతాను. పూలకుండీ మూకుడు, బంగాళా పెంకు, టైలు, నున్నటి గ్రానైటు ముక్క, ఇవన్నీ వాడి చూశాకే చెబుతున్న మాట ఇది.

మాది ఒంగోలు. హాల్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు ఉంది. అంచు దాకా నింపితే 680 లీటర్లు పడుతుంది. అందులో ఉన్నది టైగర్ ఆస్కార్ల జత. ఇవి అమెజాన్ ప్రాంతపు చేపలు. చిన్నప్పుడు షాపులో రెండు వేళ్లంత కనిపిస్తాయి గానీ సరిగ్గా పెంచితే 30 సెంటీమీటర్లు దాటతాయి. అంత పెద్ద ఒళ్లున్న చేప గుడ్లు పెట్టాలంటే దాని కిందికి అంత వెడల్పైన, కదలని, గరుకైన చోటు కావాలి. షాపుల్లో గుడ్ల కోసమని అమ్మే మట్టి శంకువులు డిస్కస్, ఏంజెల్ చేపలకు సరిపోతాయి. ఆస్కార్ దాన్ని ఒక్క తోపు తోసి అవతల పడేస్తుంది.

మా ఆడపడుచు వాళ్లది మార్కాపురం. వాళ్లింటికి వెళ్లినప్పుడే ఊరి బయట పలకలు చేసే షెడ్లకు తీసుకెళ్లమని అడిగాను. అక్కడ ఒక పెద్దాయన పని చేస్తుంటే చాలాసేపు నిలబడి చూశాను. బండను నిలువుగా పెట్టి, దాని పక్క అంచు మీద వెడల్పు మొన ఉన్న పల్చటి ఉలి ఆనించి, సుత్తితో గట్టిగా కొట్టకుండా టకటకమని తడుతున్నాడు. అంచు పొడవునా ఉలి జరుపుతూ పోయేసరికి ఒక చోట సన్నటి గీత పడింది. ఆ గీత రెండో వైపు దాకా తనంతట తానే పాకింది. ఆయన ఉలిని కాస్త పక్కకు వంచగానే బండ రెండు పొరలుగా విడిపోయింది. లోపలి ముఖం ముదురు బూడిద రంగులో, చెయ్యి వేస్తే సన్నటి గరుకుతో ఉంది. చేపకు కావలసింది సరిగ్గా ఆ ముఖమే.

“బడి పలక కావాలా అమ్మా, గోడకు అతికించే బండ కావాలా?” అని అడిగాడు. చేపల కోసమన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. “నీళ్లలో ఉండేదైతే చీల్చింది చీల్చినట్టే తీసుకో తల్లీ, పాలిష్ పెట్టింది వద్దు” అన్నాడు. అది నూటికి నూరుపాళ్లు సరైన సలహా. గోడల కోసం తయారుచేసిన పలక బండల మీద మెరుపు కోసం సీలర్ పూస్తారు. ఆ పూత ఉన్న రాయి ట్యాంకులోకి వెళ్లకూడదు. బడి పలక కూడా పనికిరాదు. అది మరీ పల్చన, పైగా చెక్క చట్రం, మేకులు ఉంటాయి. ఆస్కార్ కింద ఇసుక తవ్విందంటే ఆ పలక విరిగి ఊరుకుంటుంది.

నేను తెచ్చుకున్నవి 30 సెంటీమీటర్ల చదరం, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కలు. ఒక్కోటి ఇంచుమించు 5 కిలోలు. ముక్కకు 150 రూపాయలు తీసుకున్నారు, నేను చెప్పిన కొలతకు కోసినందుకు కూడా కలిపి. అంత బరువు ఉంటేనే ఆస్కార్ ముక్కుతో నెట్టినా రాయి జరగదు. అంతకంటే పెద్దది తీసుకుంటే గుడ్లతో సహా పైకి ఎత్తడం కష్టం. ఈ కొలతే బాగుందని నా అభిప్రాయం.

ఇక ఈ రాయే ఎందుకు అన్నది కాస్త వివరంగా చెప్పాలి. మన ఇళ్లలో సులువుగా దొరికే బండలు రెండు, కడప బండ, తాండూరు బండ. వంటింటి గట్టు మీద ఒకటి, నేల మీద ఒకటి. రెండూ చూడ్డానికి చదునుగా ఉంటాయి, కడప బండ నల్లగా ముచ్చటగా కూడా ఉంటుంది, ఇంట్లో ఏదో ఒక ముక్క మిగిలే ఉంటుంది. అందుకే చాలామంది అదే ట్యాంకులో వేస్తారు. కానీ ఆ రెండూ సున్నపురాళ్లు. మేకుతో గీకి, ఆ పొడి మీద నాలుగు చుక్కలు వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వేసి చూడండి, సన్నగా నురగ వస్తుంది. అంటే ఆ రాయి నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి కఠినత్వాన్నీ పీహెచ్‌నూ పెంచుతుంది. నీళ్లు ఎంత మెత్తగా, అంటే లవణాలు ఎంత తక్కువగా, ఎంత పులుపు వైపుగా ఉంటే అంత త్వరగా కరుగుతుంది. మనం ఒక పక్క క్యాన్ల కొద్దీ మంచి నీళ్లు కలిపి నీటిని మెత్తబరుస్తుంటే ఇంకో పక్క రాయి దాన్ని గట్టిపరుస్తూ ఉంటుంది. పలక రాయికి ఆ బాధ లేదు. నా ముక్కల మీద వెనిగర్ వేసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, చిన్న చప్పుడు కూడా లేదు. బకెట్టులో నానబెట్టి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్ను పెట్టి చూస్తే అంకె కదల్లేదు.

కొనేటప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. కొన్ని పలక బండల్లో బంగారంలా మెరిసే చిన్న చుక్కలు ఉంటాయి. అది పైరైటు, ఇనుము గంధకం కలిసిన ఖనిజం. నీళ్లలో ఉంటే తుప్పు మరకలు దిగుతాయి. చూడ్డానికి బాగున్నా ఆ ముక్క పక్కన పెట్టేయండి.

రాయి గురించి చెప్పాను కాబట్టి నీళ్ల గురించి చెప్పకపోతే సగం చెప్పి ఆపినట్టవుతుంది. ఆస్కార్లకు గుడ్లు పెట్టే కాలం వచ్చిందని చెప్పేది వాన. అమెజాన్ ప్రాంతంలోని మనౌస్ నగరం దగ్గర నది మట్టం ఏటా సుమారు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. వరద పెరిగినప్పుడు నీళ్లు అడవిలోకి ఎక్కుతాయి. కొత్త నీళ్లు, కొత్త తిండి, పిల్లలు దాక్కోవడానికి మునిగిన చెట్ల వేళ్లు. ఇంట్లో మనం చేయగలిగింది ఆ కొత్త నీటిని చేపకు చూపించడం.

నేను చేసే పద్ధతి ఇది. కొన్ని వారాల పాటు నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంచి బాగా మేపుతాను. పొట్టు తీసిన రొయ్యలు, వానపాములు, మంచి పెల్లెట్లు. కోడి మాంసం, మేక మాంసం వేయను, ఆ కొవ్వు చేపకు అరగదు. ఒంగోలులో రొయ్యలకు కరువు లేదు కాబట్టి నాకు ఇది సులువు. ఆ వారాల్లో మామూలుగా వారంవారం మార్చినట్టే నీళ్లు మారుస్తాను. ఆ తర్వాత ఒక సాయంత్రం ట్యాంకులో దాదాపు సగం నీళ్లు తీసేసి, రెండు మూడు డిగ్రీలు చల్లగా, మామూలు కంటే మెత్తగా ఉన్న నీళ్లు నెమ్మదిగా పోస్తాను. రోజు విడిచి రోజు కొంచెం కొంచెంగా ఇదే మళ్లీ చేస్తాను. మధ్యలో హీటరు వేడిని తిరిగి 28కి తెస్తుంది.

మెత్తటి నీళ్లకు నేను వాడేది ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్లు. వాటి టీడీఎస్ నా పెన్నులో 50 లోపే చూపిస్తుంది. కుళాయిలో వచ్చే సాగర్ నీళ్లలో వాటిని కలిపి 200 దగ్గరికి తెస్తాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందు దాన్ని పోగొట్టే హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు వేసి కలుపుతాను. ఉత్త క్యాన్ నీళ్లే పోయకండి. వాటిలో పీహెచ్‌ను పట్టి ఉంచే లవణాలు ఉండవు, అంత పెద్ద చేపలున్న ట్యాంకులో పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. బోరు నీళ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు, మా వీధిలో బోరు నీళ్లతో పప్పు కూడా ఉడకదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో మాకు వాయుగుండాలు పట్టినప్పుడు ఇంకా తేలిక. మొదటి జల్లుకు డాబా మీది దుమ్మంతా కొట్టుకుపోయాక, డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు క్యాన్ నీళ్లకు ఏమాత్రం తీసిపోవు. మా జత ఎక్కువగా గుడ్లు పెట్టింది కూడా ముసురు పట్టిన రోజుల్లోనే. ఎండాకాలంలో మా ట్యాంకు నీళ్లు 31 దాటిపోతాయి. అప్పుడు నేను గుడ్లు ఆశించను, చేపకు గాలి అందేలా పంపు ఎక్కువ పెట్టి ఊరుకుంటాను.

జత గురించి క్లుప్తంగా. చిన్న ఆస్కార్ పిల్లల్లో ఆడ ఏదో మగ ఏదో బయటికి చూసి చెప్పడం కుదరదు. ఐదారు పిల్లలు కలిపి పెంచి, వాటిలో అవే జత కట్టాక మిగతావి తీసేయడమే మంచి మార్గం. ఏడాదిన్నర, రెండేళ్ల వయసు రావాలి. గుడ్లకు ముందు రెంటికీ కడుపు కింద చిన్న గొట్టం బయటికి వస్తుంది. ఆడదానిది మొద్దుగా వెడల్పుగా, మగదానిది సన్నగా మొనదేలి ఉంటుంది. రెండు ఆడవి కూడా జత కట్టినట్టే ప్రవర్తించి ఒకే రాయి మీద గుడ్లు పెడతాయి, కానీ ఆ గుడ్లన్నీ తెల్లబడిపోతాయి. కాబట్టి గొట్టం చూసే నమ్మండి.

రాయి అసలు పనితనం తెలిసేది ఈ దశలోనే. ముందు రెండూ పలక చుట్టూ ఉన్న ఇసుకంతా నోటితో ఎత్తి దూరంగా ఊస్తాయి. తర్వాత మూతి పక్కకు వంచి రాయిని కొరుకుతాయి. అద్దానికి చెవి ఆనిస్తే ఆ గీకుడు వినిపిస్తుంది. పాచి మొత్తం పోయి పలక మధ్యలో పళ్లెమంత జాగా తేలేదాకా వదలవు. నున్నటి గ్రానైటు వేసినప్పుడు ఇవి కాసేపు కొరికి వదిలేసి మూలకు పోయి, ఇసుక తవ్వి, అడుగు అద్దం మీదే గుడ్లు పెట్టాయి. పలక వేశాక మాత్రం దాని మీదే పెడుతున్నాయి. ఆడది పొట్ట రాయికి తాకేలా నెమ్మదిగా జరుగుతూ ఒక వరుస అతికిస్తుంది, అది పక్కకు తప్పుకోగానే మగది అదే దారిలో వెళుతుంది. మళ్లీ ఆడది. రెండు మూడు గంటల్లో పలక నిండిపోతుంది. బాగా ఎదిగిన ఆస్కార్ వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది, రెండు వేలు దాటినా వింత లేదు. ముదురు రాయి మీద గుడ్లు స్పష్టంగా కనిపిస్తాయి. మొదట పాల రంగులో ఉన్నవి, ఫలించినవైతే ఒక రోజులో పారదర్శకంగా మారతాయి. తెల్లగా మిగిలినవి పోయినవే. లేత రంగు టైలు మీద ఈ తేడా పట్టుకోవడం చాలా కష్టమయ్యేది.

ఇక నాకు అన్నిటికంటే నచ్చింది, గుడ్లతో సహా రాయిని ఎత్తగలగడం. అద్దం మీద పెట్టిన గుడ్లను ఏమీ చేయలేం. కొత్తగా జత కట్టిన ఆస్కార్లు మొదటి విడతల్లో తమ గుడ్లు తామే తినేస్తాయి, అది మామూలే. అవే నేర్చుకుంటాయి, నేను వాటికి అవకాశం ఇస్తాను. పిల్లలు తప్పక కావాలనుకున్నప్పుడు మాత్రం, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బును ట్యాంకులోనే ముంచి, నీటిలోనే పలకను అందులోకి జరిపి, గుడ్లకు గాలి తగలకుండా చిన్న ట్యాంకులోకి మారుస్తాను. పెద్ద ట్యాంకు నీళ్లే పోసి, నీళ్లు లేత నీలం అయ్యేదాకా మిథిలీన్ బ్లూ కలిపి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్‌ను గుడ్లకు జానెడు దూరంలో పెడతాను. మిథిలీన్ బ్లూ పెద్ద ట్యాంకులో వేయకండి, ఫిల్టరులో పని చేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. 28 డిగ్రీల్లో మూడు నాలుగు రోజులకు పగులుతాయి. ఆ తర్వాత ఇంకో వారం లోపు పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. అప్పటికి వాటి తిండికి ఆర్టీమియా అనే అతి చిన్న ఉప్పునీటి రొయ్యల గుడ్లు పొదిగించి ఉంచుకోవాలి. ఉప్పు నీళ్లలో ఒక రోజు గాలి పెడితే ఆర్టీమియా పిల్లలు సిద్ధం. ట్యాంకు తుడుస్తుందని వేసే సక్కర్ చేప ఉంటే గుడ్లు పెట్టకముందే తీసేయండి, రాత్రి చీకట్లో గుడ్లన్నీ అదే తినేస్తుంది. తీసినదాన్ని చెరువులో వదలొద్దు. మన చెరువుల్లో, కాలువల్లో ఆ చేప పెరిగిపోయి వలలు చింపేస్తోందని జాలర్లు ఎంత ఏడుస్తున్నారో చూస్తున్నాం. ఎక్కువైన ఆస్కార్ పిల్లలకీ అదే మాట. తీసుకునేవాళ్లు ఎవరున్నారో ముందే చూసుకున్నాకే పిల్లల్ని పెంచండి.

లోపాలు కూడా చెప్పాలి. చీల్చిన రాయి కాబట్టి మందం అంతటా ఒకేలా ఉండదు. నా రెండో ముక్క ఒక మూల ఎత్తుగా ఉండి, అద్దం మీద పెడితే ఊగింది. అలాంటిది నేరుగా పెట్టకూడదు, కింద పల్చటి ఫోమ్ షీటు పరిచాను. కోసిన అంచులు కత్తుల్లా ఉంటాయి. గుడ్ల దగ్గర కాపలా కాసే చేప గిరుక్కున తిరిగినప్పుడు ఒళ్లు చీరుకుపోతుంది. అందుకని అంచులన్నీ సానరాయితో మొద్దుబారేలా అరగదీయాలి. ఆ పని నీళ్లు పోస్తూ తడిమీదే చేయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పొరలు పొరలుగా లేచే బండ అయితే కొన్నాళ్లకు పైపొర ఊడి వస్తుంది. కొనేటప్పుడే అంచు దగ్గర గోటితో గీరి చూడండి, పెచ్చు లేస్తే వద్దు. ఇంటికి తెచ్చాక సబ్బు పెట్టకుండా బ్రష్షుతో రుద్ది, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి నానబెట్టాలి. మొదట్లో నల్లటి నీళ్లు చాలా వస్తాయి, భయపడక్కర్లేదు, అది రాతి పొడి.

పెట్టే పద్ధతి కూడా ముఖ్యమే. ఇసుక పోసి దాని మీద రాయి పెడితే ఆస్కార్ కిందనుంచి తవ్వేస్తుంది, రాయి ఒరిగి అడుగు అద్దానికి తగులుతుంది. ముందు అద్దం మీద రాయి, తర్వాత చుట్టూ ఇసుక. ట్యాంకులో ఒక పక్కకు, మనుషుల నడక తగలని వైపు పెట్టండి. ఫిల్టరు నీళ్లు నేరుగా దాని మీద పడకూడదు.

మిగతా చేపల మాట. నాకు తెలిసిన వాళ్లింట్లో గ్రీన్ టెర్రర్ జత ఇదే రాయిని ఏటవాలుగా పెట్టినప్పుడు బాగా ఒప్పుకుంది. సెవెరమ్‌లకు కూడా చదునైన పలక హాయి. రెడ్ హెడ్ టపజోస్ లాంటి జియోఫేగస్‌లు గుడ్లు రాయి మీద పెట్టి, అవి పగిలాక పిల్లల్ని నోట్లోకి తీసుకుంటాయి, వాటికి అరచేయంత ముక్క చాలు. డిస్కస్‌కు నిలువు తలం కావాలి కాబట్టి వాటికి మట్టి శంకువే మేలు, దీనికోసం అంత దూరం నుంచి తెప్పించనక్కర్లేదు. ఒక చిన్న జత ఉన్నవాళ్లకు, ఖర్చే పెట్టొద్దనుకునేవాళ్లకు పాత బంగాళా పెంకు చాలు, అదీ గుడ్లు పట్టుకుంటుంది, కాకపోతే తేలిక కాబట్టి పెద్ద ఆస్కార్ దాన్ని తిప్పేస్తుంది.

నేను 5కి 4 ఇస్తాను. ఒకటి తగ్గించింది మందం తేడాకూ అంచుల పనికీ. అడిగేటప్పుడు “పాలిష్ వద్దు, పూత వద్దు, సహజంగా చీల్చిన ముఖం, రెండు సెంటీమీటర్లు” అని కొలతతో సహా చెప్పండి. ఒక్క ముక్క కోసం కోత మిషను వేయడానికి కొందరు ఇష్టపడరు, ఇద్దరు ముగ్గురు కలిసి నాలుగైదు ముక్కలు చెబితే కాదనరు. దూరం వాళ్లు ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవచ్చు. ముక్కల మధ్య అట్టలు పెట్టి, పడుకోబెట్టకుండా నిలువుగా కట్టమని చెప్పండి, మా ఆడపడుచు అలా పంపించిన కట్టలో ఒక్క మూల కూడా విరగలేదు.